నకలు యంత్రంలో మా బామ్మర్దిది మొదటి నంబరు

ఒక చిన్న గడిలో ఒక చిన్న టిక్కు పెట్టి చెరకు తోటను నేలకూల్చిన మొనగాణ్ణి నేను. కత్తి పట్టలేదు, గట్టు ఎక్కలేదు, చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు. కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, చూపుడు వేలితో ఒక్క నొక్కు నొక్కాను. ఆ తోట నా శత్రువుదైతే కొంత గౌరవంగానైనా ఉండేది. అది మా బామ్మర్దిది. ఎలా జరిగిందో మొత్తం చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి. చెరకు రైతులెవరైనా చదువుతుంటే మాత్రం కాస్త కూర్చుని చదవండి, నిలబడి వినే సంగతి కాదు.

ముందు నా గురించి. నేను పద్ధతి మనిషిని. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. "ఈయన తుమ్మినా టైమ్ రాసుకుంటడు" అని నా భార్య సుగుణ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. అది అబద్ధం. వరుసగా తుమ్మితేనే రాస్తాను. నిజామాబాద్‌లోని మా ఇంట్లో ప్రతి డబ్బాకూ చీటీ ఉంటుంది. చక్కెర డబ్బా మీద ‘చక్కెర’ అని, పప్పు డబ్బా మీద ‘పప్పు’ అని, ఖాళీ డబ్బా మీద ‘ఖాళీ’ అని.

ఇలాంటి మనిషికి బోధన్ వైపు ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్ అప్పజెప్పారు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ గేటు మీద బోర్డు కూడా లేదు కాబట్టి పేరుతో పనిలేదు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన కాలం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే రైతుల చొక్కా జేబుల్లోకి వస్తున్నాయి.

చెరకు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. తోట రైతుదే, కానీ నరికే రోజు రైతు చేతిలో ఉండదు. ఫ్యాక్టరీ కోత పర్మిట్ ఇచ్చాకే కత్తి పడాలి. నరికిన గడ ఎండలో పడి ఉంటే రోజురోజుకూ తూకం తగ్గిపోతుంది కాబట్టి, ఎంత ఆడగలమో అంతే నరికించాలి. నాటిన తేదీని బట్టి వరుస. ఆ వరుస మా కంప్యూటర్లో ఉండేది, ఆ కంప్యూటర్ నా గదిలో ఉండేది. సీజన్లో నేను బోధన్ బస్సు దిగితే చాలు, ఎటుచూసినా నమస్కారాలే. కానీ అందరికీ ఒకటి తెలుసు, విఠల్ సార్ దగ్గర పైరవీ నడవదని. ఆ పేరు నాకు జీతం కంటే తీపి.

అందరికీ తెలిసిన ఆ ముక్క ఒక్కడికే తెలియదు. అతనే సుగుణ తమ్ముడు గంగాధర్. బోధన్ అవతల కాలువ కింద ఆరెకరాల చెరకు. ఏటా సీజను మొదలుకాగానే వచ్చి కూర్చునేవాడు.

"బావా, నన్ను జర ముందుకు జరుపు."

"నీ వరుస వచ్చినప్పుడు వస్తది."

"ఎవ్వరినన్న ఎనక్కి నూకమంటున్ననా? నన్ను ముందుకు జరుపు, గంతే."

"నిన్ను ముందుకు జరిపితే ముందున్నోడు ఎనక్కి పోడారా?"

"పోతే పోనీ. ఆయన నీకు బామ్మర్ది కాదు గద!"

లోపలి గది నుంచి సుగుణ గొంతు వచ్చేది. "నువ్వెందుకు అడుగుతవ్‌రా తమ్మీ? పెండ్లిల ఈయన చెప్పులు దాచిపెట్టినప్పుడే వాపస్ ఇయ్యకుండ ఉండాల్సింది. ఇయ్యాల్టికి గూడ బేరం నడుస్తుండె."

ఇదీ మా ఇంటి పరిస్థితి. ఇక సర్వర్ పరిస్థితి. బట్టల బీరువాలో సగం ఉండేది. దాని డిస్కు చప్పుడు కట్టలకు కట్టలు బీడీలు తాగిన ముసలాయన దగ్గులా ఉండేది. దాని సామాన్లు ఇప్పుడు దొరకవని అమ్మినవాళ్ళే చేతులెత్తేశారు. పర్మిట్ల ప్రోగ్రాం రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు. అది సీజను మధ్యలో ఆగితే ఫ్యాక్టరీ ముందు బండ్లు, ట్రాక్టర్లు ఎడపల్లి దాకా నిలబడతాయి. ఏదైనా చిన్న మార్పు చేసి చూడాలన్నా నడుస్తున్న ఆ ఒక్క మిషన్లోనే చేయాలి. నడుస్తున్న బస్సుకు చక్రం మార్చడమే అది.

అందుకని హైదరాబాద్ నుంచి రజియా అనే ఇంజినీరును పిలిపించారు. చేతిలో ఒక బ్యాగు, నిదానమైన మాట. వచ్చీ రాగానే సర్వర్ మీద చేయి వేసి, దాని దగ్గు కాసేపు విన్నది, నాడి చూసే డాక్టరమ్మలా.

"సర్, ఈ మిషన్ల ఉన్నదంతా ఉన్నట్టే ఒక ఫైల్ లెక్క తీసుకుంట. ఆ ఫైల్ ఈ కొత్త కంప్యూటర్ల పెడితే, దీని లోపల మీ పాత సర్వరే లేస్తది."

"లోపలనా? కంప్యూటర్ కడుపుల కంప్యూటరా?"

"జీ సర్. దాన్నే వర్చువల్ మిషన్ అంటరు."

"మరి గీ దగ్గు?"

"గుణాలన్నీ వస్తయి సర్. రోగం ఒక్కటి రాదు."

ఈ మాట విన్నప్పుడే ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఫ్యాక్టరీని కడగడానికి ఆపే రోజు చూసుకుని పని మొదలుపెట్టాం. క్లీనింగ్ రోజు గానుగ ఆడదు, పర్మిట్లు పోవు, యార్డులో పురుగు ఉండదు. ఉదయమంతా ఆ పాత సర్వర్ తన లోపలున్నదంతా దగ్గుతూ దగ్గుతూ కొత్తదానికి అప్పజెప్పింది. తర్వాత దాన్ని ఆపేసి, దుమ్ము దులపడానికి మూతలు విప్పారు. మూతలు విప్పిన సర్వర్ అటు బల్ల మీద ఉండగానే, ఇటు కొత్త కంప్యూటర్ తెర మీద అదే సర్వర్ కళ్ళు తెరిచింది. అదే నీలిరంగు తెర. మూలకు నేను పేర్చిన అవే బొమ్మలు. ఎప్పుడో నేను తప్పుగా పేరు పెట్టి మార్చడం మరిచిపోయిన ఒక ఫైలు కూడా ఆ తప్పుతో సహా అక్కడే ఉంది. చదువుకున్నవాళ్ళు ఎన్నో అద్భుతాలు చూసి ఉంటారు. నేను మాత్రం ఆ రోజు లేచి నిలబడ్డాను.

రజియా రెండు డిస్కుల్లోకి రెండు నకళ్ళు తీసింది. "ఒకటి శుభ్రమైనది, బీరువాల పెట్టి తాళం వెయ్యండి. సర్వర్ పోయిన రోజు ఇదే మీకు సర్వర్. రెండోది పరీక్షలకు. దీన్ని ఎట్ల కావాలంటే అట్ల ఆడించండి. ఒక్క మాట సర్, ఇది నకలని మనకు తెలుసు, దానికి తెల్వదు. అది అసలునే అనుకుంటది. బయటి తొవ్వ తెరిస్తే అసలు చేసే పనులన్నీ చేస్తది. అందుకే ఈ నెట్‌వర్క్ గడిలో టిక్కు తీసేసిన. దీన్ని మాత్రం ముట్టొద్దు."

"ముట్టను" అన్నాను. రెండు డిస్కులకూ చీటీలు అంటించాను. ‘ముట్టరాదు’ అని ఒకదానికి, ‘ముట్టవచ్చు’ అని రెండోదానికి.

ఆమె క్యాంటీన్‌కు భోజనానికి పోయింది. నేనూ, నకలూ మిగిలాం.

పర్మిట్ ఇచ్చి చూద్దామని కూర్చున్నాను. ఒక ఉత్తుత్తి పేరు కొట్టాను. చప్పగా ఉంది. అప్పుడు నాలో ఏం దూరిందో తెలియదు. ఇక్కడ ఏం చేసినా లోకానికి నష్టం లేదు కదా! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి స్వేచ్ఛ ఎప్పుడు దొరికింది? నా వేళ్ళు వాటంతట అవే గంగాధర్ పేరు కొట్టాయి. వరుసలో మొదటి నంబరు ఇచ్చాను. మామూలుగా ఎకరం, ఎకరన్నర చొప్పున ఇస్తాం. వాడికి ఆరెకరాలూ ఒక్కసారే ఇచ్చాను. తేదీ రేపటిది వేశాను. మహారాజులు మాన్యాలు రాసిచ్చేటప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు, ఒళ్ళంతా పులకరించింది.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. నా దగ్గర పరీక్షల పట్టీ ఒకటి ఉంది, నేనే గీతలు కొట్టి తయారుచేసుకున్నది. అన్ని గడులూ నిండాయి. చివరి గడి, ‘ప్రింటు వచ్చిందా?’ అన్నది ఖాళీగా ఉంది. ఖాళీ గడి నాకు పంటి సందున ఇరికిన చెరకు పీచు లాంటిది. నాలుక అటే పోతుంది. నెట్‌వర్క్ తెరవకపోతే ప్రింటు రాదు. తెరవొద్దని చెప్పారు. కానీ ఒక్క నిమిషం కదా! పర్మిట్లు పడేది యార్డు ఆఫీసు ప్రింటర్లో. క్లీనింగ్ రోజు అక్కడ తాళం కాబట్టి, నా పక్కనున్న ప్రింటర్లో పడతాయని నాకు నేనే ఒక కొత్త శాస్త్రం రాసుకున్నాను. టిక్కు పెట్టాను. పక్క ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు. ‘రాలేదు’ అని రాసి, టిక్కు తీసేసి, గడి నిండినందుకు హాయిగా టీ తెప్పించుకున్నాను.

యార్డుకు ఆ రోజు తాళం లేదు. ఫీల్డ్‌మన్ సాయిలు, సెలవు దొరికినా ఇంట్లో ఉండలేని మనిషి, వచ్చి గది సర్దుకుంటున్నాడు. ప్రింటర్ తుడిచి, కాగితం పెట్టి, పనిచేస్తుందో లేదోనని ఆన్ చేసి ఉంచాడట. దేవుడు ఇద్దరు పనిమంతుల్ని ఒకేరోజు పనిలో పెడితే ఏమవుతుందో ఇక చూడండి.

మరునాడు గానుగ మొదలైంది. అసలు సర్వర్ మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నా గదిలో రజియా ఉంది, కేన్ మేనేజరు మూర్తి గారున్నారు, తన పర్మిట్ కోసం వచ్చిన సుబ్బారావు గారున్నారు. ఆయన తండ్రి కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్న రైతు. ఆ రోజు వరుస ఆయనదే. అప్పుడు తలుపు తోసుకుని గంగాధర్ వచ్చాడు. ఒక చేతిలో మిఠాయి డబ్బా, రెండో చేతిలో బంతిపూల దండ. ఎవరినీ చూడకుండా వచ్చి ఆ దండ నా మెడలో వేశాడు.

"బావా! పైకి గట్టిగ కనవడ్తవ్ గని లోపలంత రసమే!"

"ఏమైందిరా?"

"ఏమైందంటవేంది! పర్మిట్ వచ్చింది! ఆరెకరాలకు ఒక్కసారే! మొదటి నంబర్! నిన్న పొద్దుగూకే యాళ్ళకు సాయిలన్న ఇంటికొచ్చి ఇచ్చిండు."

నేను కుర్చీలోంచి సగం లేచాను. "తోట?"

"తోటెక్కడిది బావా! పొద్దుగాల్నుంచి రెండు ముఠాలు కొడ్తున్నయ్. సగం పడ్డది. ముఠాల పెద్ద, ఆ నాందేడ్ ముకద్దం ‘ఇతకీ ఘాయీ కా’ అంటడు, గింత తొందరేందని. మా బావ మనసు మళ్ళ మారేలోపల నరుకుండ్రి అన్న!"

రజియా నా వైపు చూసింది. నేను నా పట్టీ వైపు చూశాను. ‘రాలేదు’ అని నా చేతిరాత ముత్యాల్లా మెరుస్తోంది.

"సర్, ఆ గడిలో టిక్కు పెట్టిన్రా?"

"ఒక్క నిమిషం..."

"ఒక్క నిమిషం చాలు సర్. చెప్పిన గద, అది నకలని దానికి తెల్వదని."

సాయిలును పిలిపించారు. మూర్తి గారు పర్మిట్ చూపించి అడిగారు. "ఆరెకరాలు ఒక్కసారే ఎట్లా ఇస్తామయ్యా? నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్. విఠల్ సార్ బామ్మర్ది పేరు చూసిన. సార్ ఘరేలు మామ్లా, ఇంటి ముచ్చట, మనం అడుగుడు మంచిది కాదనుకున్న. గందుకే ఎవ్వల చేతికి ఇయ్యకుంట, ఎవ్వలకు చెప్పకుంట నేనే స్వయంగ పోయి ఇచ్చిన. సార్ ఇజ్జత్ సవాల్ గద!"

నా ఇజ్జత్‌ను అంత భద్రంగా జేబులో పెట్టుకుని, ఊరవతల దాకా మోసుకుపోయి, నా బామ్మర్ది చేతిలో పెట్టి వచ్చాడు. అతణ్ణి ఏమనగలను?

విషయం ఎంత చిక్కో చూడండి. గంగాధర్ చెరకు మూడెకరాలు నేల మీద ఉంది. ఆ రోజే తోలకపోతే వాడి ఏడాది కష్టం ఎండకు పోతుంది. తోలితే సుబ్బారావు గారి వరుస పోతుంది, దాంతోపాటే నా పేరూ పోతుంది. సంగతి యార్డుకు పాకింది. ట్రాక్టర్లు దిగి రైతులు నా కిటికీ దగ్గర గుమిగూడారు. మెడలో దండతో నేను సన్మానసభలో కూర్చున్నట్టున్నాను.

"పర్మిట్ రద్దు చేస్తే?" అన్నారు మూర్తి గారు.

"నరికిన గడను మళ్ళ నిలవెడ్తరా సార్?" అన్నాడు గంగాధర్. అప్పటికి వాడి ముఖంలో రసం ఇంకిపోయింది. "బావా, అయితే గిది నువ్వు ఇచ్చింది కాదా?"

లేచి అందరికీ వినపడేలా చెప్పాను. ఇది పైరవీ కాదని, ఇంకో మిషన్ లోపల ఉన్న మిషన్లో పరీక్ష కోసం చేశానని, ఆ మిషన్ నిజంగా లేదని, కానీ ఉందని. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. బండి తనంతట తనే పోయి చెట్టుకు గుద్దుకుందని చెప్పే డ్రైవరును చూసినట్టు చూశారు రైతులు.

కిటికీ అవతల నుంచి ఒకరు అన్నారు. "గంతే గంతే. బామ్మర్ది పేరు దానంతటదే టైపు అయింది పో!"

అప్పుడు రజియా కల్పించుకుంది. "రండి, చూపిస్త" అని రెండు తెరలూ పక్కపక్కన పెట్టింది. ఇటు నకలులో గంగాధర్ అందరికంటే పైన. అటు అసలులో గంగాధర్ ఎక్కడో అడుగున, తన వరుసలో తను. సుబ్బారావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక తెర చూసి, రెండో తెర చూసి, చివరికి నన్ను చూశారు.

"ఏవయ్యా గంగాధరం, మీ బావ పైరవీ చేసేవాడే అయితే ఆ అసలు మిషన్లోనే చేసేవాడు కదా? ఎవరాపారు? ఎవరికీ కనపడని ఉత్తుత్తి మిషన్లో చేసుకున్నాడంటే, పాపం, ఇన్నేళ్ళూ మనసులో ఎంత కోరికుండి చంపుకున్నాడో!"

నా ఉద్యోగంలో నాకు దొరికిన అతి పెద్ద మెచ్చుకోలు అదే, అతి పెద్ద పరువునష్టమూ అదే.

సుబ్బారావు గారు మూర్తి గారి వైపు తిరిగారు. "నరికింది ఎండుతుందండీ. నాది నిలబడే ఉంది, ఇంకో రెండు రోజులు నిలబడుతుంది. ముందు అతనిది తోలించండి. నా ట్రాక్టర్లు కూడా పంపుతాను. మిగిలిన తోట మాత్రం కత్తి ఆపి, తన వరుసకే నరుక్కోవాలి." తర్వాత నా వైపు వేలు చూపించారు. "కానీ విఠల్ గారూ, ఒక్క షరతు."

"చెప్పండి" అన్నాను, దేనికైనా సిద్ధపడి.

"ఈసారి పరీక్ష చేసేటప్పుడు నా పేరు పెట్టి చెయ్యాలి!"

నవ్వు కిటికీ దాటి యార్డు చివర దాకా పోయింది. అన్యాయం జరిగిన మనిషే ముందు నవ్వితే ఇక పోట్లాడేవాళ్ళెవరు? కిటికీ దగ్గరున్నవాళ్ళలో ఇద్దరు కూడా తమ ట్రాక్టర్లు మళ్ళించారు. పొద్దు వాలేలోపల మూడెకరాల చెరకూ గానుగ చేరింది. ఆ మనుషులను తలచుకుంటే ఈ రోజుకీ నా చేతులు వాటంతట అవే దగ్గరికి వస్తాయి. నా పరువు మాత్రం ఆ సీజనంతా తిరిగి రాలేదు. బస్సు దిగితే నమస్కారాలు పోయి, "సార్, మా పేరు గూడ ఒకపారి టెస్ట్ జెయ్యరాదుండ్రి!" అనే కేకలు వచ్చాయి.

ఇంట్లో సుగుణకు తమ్ముడు ముందే ఫోన్ చేశాడు. నేను చెప్పులు విప్పేలోపలే మొదలుపెట్టింది.

"అంటే, ఇన్నేండ్లల నా తమ్మునికి నువ్వు చేసిన ఒక్క మంచిపని గూడ ఉత్తుత్తి మిషన్ల చేసిందన్నట్టు."

"అవును."

"అది గూడ తప్పయిపోయి చేసిందన్నట్టు."

"అవును."

కంచం తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో అడిగింది. "నిజం చెప్పు. ఆ పేరు నీ అంతట నువ్వే కొట్టినవా?"

"నేనే కొట్టిన."

ఆ పూట నా ముద్దపప్పులో నెయ్యి రెండుసార్లు పడింది. డైరీలో రాసుకున్నాను.

సీజను చివరలో ఒక ఉదయం పాత సర్వర్ ఒక్కసారి గట్టిగా దగ్గి, మరి లేవలేదు. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రజియాకు ఫోన్ చేశాను. ఆమె అటునుంచి నెమ్మదిగా చెబుతుంటే, ‘ముట్టరాదు’ అన్న డిస్కును బీరువాలోంచి తీసి, జీవితంలో మొదటిసారి నా చీటీ మాట నేనే కాదని, ముట్టాను. చెప్పిన చోటల్లా నొక్కి, రోజూ సాయంత్రం నేను విడిగా దాచుకుంటున్న పర్మిట్ల లెక్కను నిన్నటి దాకా అందులో ఎక్కించాను. బయట రైతులు టీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపల అదే నీలిరంగు తెర, అవే బొమ్మలు, తప్పు పేరుతో అదే ఫైలు. యార్డు ప్రింటర్ మళ్ళీ టకటకలాడింది. ఒక యంత్రం చచ్చిపోయిందని వరుసలో ఉన్న ఒక్క మనిషికీ తెలియలేదు. ఆ క్షణంలో రజియా ఎదురుగా ఉంటే నా మెడలో పడ్డ దండ ఆమెకు వేసేవాణ్ణి.

తెలియకపోవడమేమిటి, ఒకడికి తెలిసింది. మధ్యాహ్నానికల్లా ఫోన్.

"బావా, పాత మిషన్ సచ్చిపోయిందంట గద?"

"పోయింది. నకలును లేపినం."

"నకలునా!" ఆ గొంతులో పండగ వినిపించింది. మిగిలిన మూడెకరాలు ఇంకా నిలబడే ఉన్నాయి మరి. "అయితే అండ్ల నా నంబర్ ఎంత బావా?"

"నీ వరుస ఎంతో అంతే."

అటునుంచి నిట్టూర్చాడు.

"నకలంటే జర అటిటుగ ఉంటదనుకున్న బావా. గిది నీకంటె నిజాయితీగున్నది!"

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఇంటి చక్కెర డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఏ నకలునైనా దాని తొవ్వ నా చేతులతో మూశాకే లేపుతాను. పరీక్షలకు చుట్టాల పేర్లు వాడను. అన్నిటికంటే ముఖ్యంగా, ఖాళీ గడి కనపడితే కళ్ళు మూసుకుని లేచిపోతాను. ఈ చివరిది చాలా కష్టం. అందుకే ముందు ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఖాళీ డబ్బా మీద ‘ఖాళీ’ అన్న చీటీ పీకేశాను. మరునాడే సుగుణ అందులో మిరపకాయలు పోసింది. దాని మీద ఇంతవరకు ఏమీ రాయలేదు.